కుండ మూతిలో పట్టని పూలు

పూలు గుచ్చేది ఆడవాళ్లు, పల్లకి కట్టేది మగవాళ్లు. మా ఇంట్లో ఈ మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. కేజీఎఫ్‌లో మాది పూల పల్లకి కట్టే ఇల్లు. మా కోలారు వైపు ఏ ఊరి జాతర అయినా చివరికి దేవుడు పూల పల్లకి ఎక్కి ఊరేగాల్సిందే. మేడంత ఎత్తున వెదురు చట్రం కట్టి, అడుగునుంచి శిఖరం దాకా పూలతో కప్పేస్తారు. ఆ చట్రం ఎక్కే హక్కు మా నాయనకు ఉంది, మా చిన్నాయనకు ఉంది, చిన్నాయన కొడుకులకు ఉంది. నాకు లేదు. నేను కింద గోనెపట్టా మీద కూర్చుని, మూరలు మూరలు గుచ్చి పైకి అందించాలి.

ఎందుకు ఎక్కకూడదని అడిగితే జవాబు ఏటేటా మారేది. ఒక ఏడు చీర కాళ్లకు తట్టుకుంటుందన్నారు. మరుసటి ఏడు చుడీదారు వేసుకుని వెళితే, దేవుడి పనికి చుడీదారేమిటన్నారు. ఇంకో ఏడు ఆడవాళ్లకు ఎత్తు మీద కళ్లు తిరుగుతాయన్నారు. ఆ ఏడే చిన్నాయన పెద్దకొడుకు ఎండకు కళ్లు తిరిగి బంతిపూల కుప్ప మీద పడ్డాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ నవ్వుకు చిన్నాయన నాతో వారం రోజులు మాట్లాడలేదు.

మా ముత్తాత చిత్తూరు వైపునుంచి ఇక్కడి బంగారు గనిలో పనికి వచ్చాడు. మా తాత గనిలో టింబర్ పని చేసేవాడు, అంటే పైన రాయి కూలకుండా దుంగలు ఆనించి కట్టే పని. షిఫ్టు దిగి వచ్చాక ఆ చేతులతోనే వెదుళ్లు కట్టి పల్లకి నిలబెట్టేవాడట. అప్పుడది భక్తి కొద్దీ చేసిన పని. గని మూతపడ్డాక అదే మాకు కూడు పెట్టింది. తాత తరువాత నాయన పెద్ద అయ్యాడు. ఆయన నిలబెట్టిన పల్లకి ఊరంతా తిరిగి వచ్చినా ఒక్క చామంతి రాలేది కాదు. ఆ పేరు మా ఇంటికి ఇప్పటికీ ఉంది.

నేను బీకాం చదివాను. మా ఆయన చాలామంది కేజీఎఫ్ మగవాళ్లలాగే తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి, దీపాలు పెట్టాక ఇంటికి వస్తాడు. అంచేత పగలంతా నేను పుట్టింటి షెడ్డులోనే. ఆర్డర్లు రాసుకునేది నేను. రైతులతో పువ్వుకోసం ఫోనులో పోట్లాడేది నేను. ఏ పల్లకికి ఎన్ని వెదుళ్లు కావాలో, ఏ వంపు ఎక్కడ రావాలో కాగితం మీద గీసి ఇచ్చేదీ కొన్నేళ్లుగా నేనే. గీయవచ్చునట, ఎక్కకూడదట. నాకు ఒళ్లు మండేది.

కిందటి చలికాలంలో మాలూరు ఇండస్ట్రియల్ ఏరియానుంచి ఒక ఆర్డరు వచ్చింది. అక్కడ హాలెండువాళ్ల పూలవిత్తనాల కంపెనీ ఒకటి కొత్త కట్టడం కట్టింది. ప్రారంభానికి ఆ దేశంనుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. ఆ కంపెనీ మేనేజరు మా షెడ్డుకు వచ్చి, చేతిలోని అట్టగొట్టంలోంచి ఒక బొమ్మ తీసి నేల మీద పరిచాడు. వాళ్ల దేశంలో మూడు నాలుగు వందల ఏళ్ల కిందట గీసిన పూలబొమ్మట. కొత్త కట్టడం వరండాలో ఆ బొమ్మను నిజం పూలతో నిలబెట్టాలి, పూలతో మేడలు కట్టేవాళ్లకు ఒక కుండ ఎంత పని, అని కన్నడంలో నవ్వుతూ అన్నాడు.

నేను ఆ బొమ్మ ముందు కూర్చుండిపోయాను. వెనకంతా నలుపు. ముందు రాతిపలక మీద ఒక కుండ, దానిమీద ఎత్తుగా పూలు. ఎరుపు మీద తెల్లచారల పువ్వొకటి, పేరు ట్యూలిప్ అట. మల్లెచెండంత తెల్లటి గుండ్రటి పువ్వు, అరచేతిలో పట్టనంత ముద్ద గులాబీరంగు పువ్వు, పైన ఎక్కడో ఒక నీలం పువ్వు. వాటిలో ఒక ట్యూలిప్ మెడ వాల్చి కుండ పక్కన కిందికి వేలాడుతోంది. ఒక రోజాపువ్వు మనకు వీపు చూపిస్తోంది. ఒక ఆకును పురుగు కొరికేసింది. పలక మీద రెండు రేకులు రాలి ఉన్నాయి, వాటి పక్కన ఒక ఈగ. పుట్టినప్పటినుంచి పూల మధ్యే ఉన్నాను గానీ, ఎవరో ఒకరు పువ్వును ఇంత ఓపికగా చూశారని నాకు అప్పటిదాకా తెలియదు.

నాయన అద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. మేనేజరు వెళ్లేదాకా ఆగి, తీర్పు చెప్పాడు.

"ఈ బొమ్మ గీసినోడు పువ్వు కట్టినోడు కాదు. చూడు అమ్మణ్ణీ, కుండమూతి ఎంత ఉండాది? జానెడు. పైన పువ్వులు ఎన్ని ఉండాయి? ఇన్ని కాడలు ఆ మూతిలో యాడ పడతాయి? సుమ్మనే, ఊరికే గీసేసినాడు."

ఆయన అన్నది అక్షరాలా నిజమని ఆ సాయంత్రమే తెలిసింది. మా ఆయన రైల్లో రావడం రావడం ఫోనులో ఆ బొమ్మల గురించి ఏదో వెతికి చదువుకుంటూ వచ్చాడు. ఆ కాలపు చిత్రకారులు అన్ని పూలనూ ఒకచోట పెట్టుకుని గీసేవాళ్లు కాదట. ట్యూలిప్ పూసే నెలలో ట్యూలిప్, రోజా పూసే నెలలో రోజా, ఒక్కొక్కదాన్ని దాని కాలంలో చూసి గీసి పెట్టుకుని, అన్నింటినీ ఒకే కుండలో చేర్చేవాళ్లట. ఇది విన్నాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. గీసినవాడు కూడా కళ్లారా చూడని కుండ అది. దాన్ని నిలబెట్టమని మమ్మల్ని అడుగుతున్నారు.

నమూనా కట్టింది నాయనా, చిన్నాయనా. నన్ను మామూలుగానే గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. వాళ్లు కుండ వెనక వెదురు చీల్చిన దబ్బలతో నిలువెత్తు పలక ఒకటి అల్లి, దానిమీద పూలు అదిమి కట్టుకుంటూ వచ్చారు. వాళ్ల చేతులు చేసింది తప్పని ఎవరూ అనలేరు, ఆ చేతులకు తెలిసింది అది. దేవుడి అలంకారంలో పువ్వు ముఖం ఎప్పుడూ భక్తుడి వైపే ఉండాలి. కుడివైపు ఎన్ని ఉంటే ఎడమవైపు అన్నే ఉండాలి. వాలినదాన్నీ పుచ్చినదాన్నీ ఏరి పారేయాలి. నాయన ఆ బొమ్మను చూస్తూ చూస్తూనే మనసులో శుభ్రం చేసేశాడు.

నేను ఊరుకోలేకపోయాను. "నాయనా, బొమ్మలో ఆ పువ్వు కిందికి వాలి ఉండాది కదా."

"వాలితే ఎత్తి కట్టాల. వాలినదాన్ని తీసుకపొయ్యి నలుగురికి చూపిస్తామా?"

"మరి ఈ రోజాపువ్వు ఆ పక్కకి తిరిగి ఉండాది."

"పువ్వుకి వీపు చూపించే పొగరేంది? తిప్పు ఇట్ల."

చిన్నాయన పగలబడి నవ్వాడు. పురుగు కొరికిన ఆకు లేదు. రాలిన రేకులు లేవు. నల్ల వెనకతెర అనగానే, శుభకార్యంలో నల్లగుడ్డా అని పసుపుపచ్చ గుడ్డ కట్టారు. చివరికి నిలబడింది చూస్తే ఎంత అందంగా ఉందో చెప్పలేను. కానీ అది ఆ బొమ్మ కాదు.

మేనేజరు వచ్చి చూశాడు. మర్యాదస్తుడు, కుండ చుట్టూ ఒకసారి తిరిగాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు. "చాలా బాగుంది సార్. కానీ ఇది వినాయకుడి వెనక పెట్టే ప్రభావళిలాగా ఉంది. మధ్యలో దేవుడొక్కడే తక్కువ." ప్రారంభం ఎల్లుండి పొద్దున. ఇంకొకరిని వెతుక్కునే వ్యవధి లేదు. ఏమీ కుదరకపోతే ఆ బొమ్మకే ఫ్రేము కట్టించి వరండాలో పెట్టేస్తామని, మీరు శ్రమపడ్డారు అని దణ్ణం పెట్టాడు. నాయన ముఖం మాడిపోయింది. ఆయన పనిని వద్దన్నవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. "రేపు సాయంత్రం దాకా టైమియ్యండి సార్. నేను కట్టి ఫోటో పంపిస్తాను. నచ్చకపోతే మీరు ఫ్రేమే పెట్టుకోండి" అన్నాను. ఆయన నాయన వైపు చూశాడు, నాయన నేలవైపు చూశాడు. సరేనని మేనేజరు వెళ్లిపోయాడు.

కారు మలుపు తిరిగిందో లేదో చిన్నాయన అందుకున్నాడు. "మా ఇద్దరి చేత కానిది ఈ యమ్మ కడతాదంట. కట్టు, చూస్తాము. నిలబడకపోతే?"

"నిలబడకపోతే ఇంగ నా జన్మలో చట్రం మాట ఎత్తను. మీరు గుచ్చమన్నవి గుచ్చుకుంటా కూర్చుంటాను. నిలబడితే మాత్రం ఈ ఏడు జాతర పల్లకి మీద నేనెక్కాల."

షెడ్డులో అందరూ నాయనవైపు తిరిగారు. ఆయన చెప్పులు వేసుకుంటూ, "ముందు దాన్ని నిలబెట్టు" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. అప్పుడు నాకు భయమేసింది. కోపంలో పందెం కాసేశాను గానీ, ఓడిపోతే ఆ గోనెపట్టా మీదే నా బతుకు తెల్లారిపోతుంది, ఆ సంగతి నా అంతట నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది.

మరునాడు పొద్దున్నే మొదలుపెట్టాను. నాతో ఉన్నది మా అమ్మ ఒక్కతే. కాడలు కుండమూతిలో పట్టవు అన్నాడు కదా నాయన, కాబట్టి ఒక్క కాడ కూడా మూతిలోకి పోనివ్వకూడదని నిర్ణయించాను. కుండ నిండా తడి ఇసుక కూరి, అందులో మూడు వెదుళ్లు దింపి, వాటికి రెండు మూరల అరటిబోదెను నిలువునా కట్టేశాను. పల్లకి అడుగుభాగంలో మావాళ్లు అరటిబోదెలు వాడేది వాటిలో నీరుంటుందని, గుచ్చిన కాడ పచ్చిగా ఉంటుందని. ఇక్కడ ఆ బోదే నాకు కుండ అయింది. మూతి చుట్టూ ఆకులు కప్పేస్తే కాడలన్నీ కుండలోంచే వస్తున్నాయని ఎవరైనా నమ్ముతారు.

అసలు చిక్కు పూలను నిలపడంలో ఉంది. మావాళ్లు చట్రానికి పువ్వు కట్టేటప్పుడు కాడను దబ్బకు అదిమి బిగించేస్తారు. అది కదలదు. పల్లకి ఊరంతా తిరగాలి కాబట్టి కదలకూడదు కూడా. మేము ఆడవాళ్లం జడకోసం గుచ్చేటప్పుడు పువ్వును మెడ దగ్గర అరటినారతో రెండు చుట్లు చుట్టి ముడి వేస్తాం. పువ్వు జారదు, కానీ తల తిప్పుకోగలదు. నడుస్తుంటే జడలో పూలు ఊగేది అందుకే. ఆ బొమ్మలో ప్రతి పువ్వూ తల తిప్పుకుని ఉంది, ఒకటి పక్కకు, ఒకటి వెనక్కు, ఒకటి కిందికి. అది మగవాళ్ల కట్టుతో రాదు. మేము రోజూ మాటలాడుకుంటూ, చూడకుండా వేసే ఆ ముడితోనే వస్తుంది. ఇది తోచిన క్షణంలో నేను ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను.

అమ్మ అడిగింది. "ఏందమ్మే, పిచ్చి పట్టిందా?"

"పట్టింది. నార తడిపి ఇయ్యి."

ట్యూలిప్పులు మాకు ఎక్కడ దొరుకుతాయి? తెల్లచారలున్న ఎర్ర గ్లాడియోలస్ పూలను ఒక్కొక్కటిగా కాడనుంచి తుంచి, రేకుల్ని లోపలికి మలిచి, మెడ దగ్గర ముడేసి సన్నటి దబ్బకు కట్టి, ఆ దబ్బను బోదెలో గుచ్చాను. అమ్మ దూరంగా జరిగి చూసింది. "అచ్చు అదే మే" అంది. ఆ పెద్ద ముద్దపువ్వుకోసం మూడు రోజాపూల రేకులు విడదీసి నాలుగోదాని చుట్టూ పొరలు పొరలుగా చుట్టాం. తెల్లటి గుండ్రటిదానికి కాకడా మల్లెమొగ్గలతో చెండు కట్టాం. అది అమ్మ కళ్లు మూసుకుని కడుతుంది.

పురుగు కొరికిన ఆకు దగ్గర మాత్రం అమ్మ మొండికేసింది. "చీడ పట్టిన ఆకు శుభకార్యానికి పెడతారా యాడన్నా?" అంది. పెరట్లో మందార చెట్టుకు పురుగు తిన్న ఆకొకటి ఉంటే కోసి తెచ్చి చూపించాను. "చూడమ్మా, ఎంత పచ్చగా ఉండాదో. ఇది చావలేదు. ఎవరో వచ్చి తినిపోయినారు, అంతే. మనింటికి వచ్చినోళ్లు తినిపోరా?" అన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, సరే పెట్టుకో అంది. రేకులు కూడా వాడినవి వద్దంది. నిగనిగలాడే రేకులు రెండు తీసి, రాలినట్టు పలక మీద వేసింది కూడా తనే.

నలుపు గురించి కూడా ఆవిడే దారి చూపింది. అటక మీదనుంచి మా తాతనాటి నల్ల కంబళి దించింది. మా వైపు కంబళి పరిచి, దానిమీద దేవుణ్ణి కూర్చోబెడతారు. నల్లదే, కానీ దాన్ని అశుభమని అనే మొనగాడు కోలారు జిల్లాలో పుట్టలేదు. గోడకు కంబళి కట్టి, దాని ముందు బూడిదరంగు రాతిపలక వేసి, కుండను పెట్టాను. పూలన్నీ ఒక్కసారిగా ముందుకు వచ్చినట్టు కనిపించాయి. సాయంత్రం ఫోటో పంపాను. చాలాసేపటికి జవాబు వచ్చింది, ఒకే మాట: తీసుకురండి.

ఇంకా నీలం పువ్వు లేదు. ఎన్ని పూలున్నా మా పూలమార్కెట్టులో నీలం ఉండదు. చేతికందే నీలం ఒక్కటే, శంఖుపువ్వు. అమ్మ పుట్టిల్లు కామసముద్రంలో కంచెల నిండా అదే. కానీ కోసిన కాసేపటికే ముడుచుకుపోతుంది. అందుకని ఆ సాయంత్రమే అమ్మ పుట్టింటికి పోయి, తెల్లారగానే కోసుకుని, అక్కడే పాసింజరు ఎక్కి మాలూరులో దిగాలని అనుకున్నాం. నాయన ఈ మాటలన్నీ వింటూ వరండాలో బీడీ కాల్చుకుంటున్నాడు.

పొద్దున్నే కుండను టెంపోలోకి ఎక్కించి, వెనక దాన్ని పట్టుకుని నేను కూర్చున్నాను. బంగారుపేట దాటాక స్పీడు బ్రేకరు చూసుకోకుండా డ్రైవరు బండిని దూకించాడు. కుండ ఒరిగింది. నేను ఒళ్లడ్డం పెట్టి ఆపాను. పూలన్నీ ఒక్కసారి ఊగిపోయాయి, ఇటు తలలన్నీ అటు తిరిగాయి. బండి సర్దుకున్నాక చూస్తే ఒక్కటీ రాలలేదు, ఒక్క మెడా విరగలేదు. బిగించి కట్టి ఉంటే సగం పూలు పుటుక్కుమని ఉండేవి. ఆ డ్రైవరును తిట్టాల్సినంత తిట్టి, లోలోపల దణ్ణం పెట్టుకున్నాను.

కంపెనీ వరండాలో కంబళి కట్టి, పలక వేసి, పూల తలలు మళ్లీ వాటి వాటి వైపు తిప్పుకున్నాను. పైన నీలం పువ్వు ఉండాల్సిన చోట ఖాళీ. అతిథులు రావడానికి ఎంతో సమయం లేదు. గేటువైపు చూస్తూ నిలబడ్డాను. ఆటో వచ్చింది. అమ్మ దిగింది. ఆమె వెనక, తడిగుడ్డ కప్పిన టిఫిను క్యారియరును రెండు చేతులతో పట్టుకుని నాయన దిగాడు.

"ఒంటరిగా చీకట్లో కంచెలెంబడి తిరగతాదని పోయినాను" అన్నాడు, నేను ఏమీ అడగకముందే. అమ్మ మాత్రం నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. "రైల్లో దావ పొడుగునా నీళ్లు చల్లతానే ఉండె. నన్ను ముట్టుకోనీలేదు." గుడ్డ తీస్తే శంఖుపూలు కంచె మీద ఉన్నట్టే ఉన్నాయి. మూడు పూలను వీపులు ఆనించి కట్టి, రేకులు కిందికి వాలేట్టు పైన నిలబెట్టాను.

అతిథులు వచ్చారు. మాటలాడుకుంటూ వస్తున్నవాళ్లు కుండ ముందుకు రాగానే ఆగిపోయారు. వాళ్లలో ఒక ముసలావిడ, జుట్టంతా తెల్లబడిపోయింది, అందరికంటే దగ్గరికి వచ్చి వంగి చూసింది. వాలిన ట్యూలిప్పు కింద వేలు పెట్టి మెల్లగా ఎత్తి వదిలింది. అది ఊగి మళ్లీ వాలింది. ఆవిడ కుండ వెనక్కు పోయి, ఆకులు తప్పించి, మేనేజరుతో ఏదో అడిగింది. ఇందులో నీళ్లెక్కడ ఉన్నాయని అడుగుతున్నారు అని అతను నాకు చెప్పాడు. నేను ఆవిడ వేలు పట్టుకుని అరటిబోదె కోసిన అంచుకు గట్టిగా అదిమాను. వేలు తడిసింది. ఆవిడ ఆ తడివేలు అందరికీ చూపిస్తూ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఇంతలో తోటలోంచి రెండు తేనెటీగలు వచ్చాయి. ఒకటి కాకడా చెండు మీద వాలింది. ఇంకొకటి నేను మలిచిన ట్యూలిప్పులోకి దూరి, కాసేపు తిరుగుళ్లాడి, పసుపు పూసుకుని బయటికి వచ్చింది. ఫోనులన్నీ అటు తిరిగాయి. బొమ్మ గీసినవాడు కుండ పక్కన ఒక ఈగను గీసుకున్నాడు. నా కుండ దగ్గరికి తేనెటీగలు వాటంతట అవే వచ్చాయి. ఆ మాట గొప్పకు చెబుతున్నానంటే అనుకోండి, నాకు అప్పుడు ఎంత గర్వంగా ఉందో దాచుకోవడం నాకు చేతకాదు. వందల ఏళ్ల కిందట ఆ చిత్రకారుడు బొమ్మలో మాత్రమే చేర్చగలిగిన పూలను నేను మాలూరులో, పట్టపగలు, నలుగురి ముందు ఒక్కచోట నిలబెట్టాను.

జనం పలచబడ్డాక నాయన కుండ వెనక్కు వెళ్లాడు. చాలాసేపు రాలేదు. నేను వెళ్లి చూస్తే, అద్దాలు పెట్టుకుని ఒక ముడిని గోటితో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఇది జడపూల ముడి కదా."

"అవును నాయనా."

"పల్లకి మీద గాలికి నిలబడతాదా?"

"బంగారుపేట రోడ్డుకే నిలబడింది. గాలి ఒక లెక్కా?"

ఆయన పెదవి కొంచెం కదిలింది. నవ్వాడని నేను అనుకున్నాను, అమ్మ కాదంటుంది. పల్లకి ఎక్కే మాట మాత్రం ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు. గెలిచింది నేను, అడుక్కోవడమేమిటని నా పట్టుదల. ఆ పట్టుదలతోనే శివరాత్రి వెళ్లింది, ఉగాది వెళ్లింది. చిన్నాయన ఒకటి రెండుసార్లు, "కుండ వేరే, పల్లకి వేరే" అని నాకు వినపడేట్టు అన్నాడు. నాయన వినీ విననట్టు ఊరుకున్నాడు. మాట తప్పుతాడేమోనని లోపల కుమిలిపోయాను.

ఎండాకాలంలో క్యాసంబళ్ళి దగ్గర ఒక ఊరి జాతర పల్లకి మాకు వచ్చింది. పొద్దున గుడి ముందు చట్రం లేచి నిలబడింది. పూలు కట్టడం మొదలుపెట్టేముందు ఊరిపెద్ద తాంబూలం పళ్లెంతో వస్తాడు. కట్టేవాళ్లలో పెద్దకు తాంబూలమిచ్చి, తలకు కొత్త తలపాగా చుట్టి, ఇక చట్రం మీద చెయ్యి వేయమంటాడు. అది అయ్యాకే ఎవరైనా పైకి ఎక్కాలి. తాత పోయినప్పటినుంచి ఆ తలపాగా మా నాయనకే చుట్టారు. ఆ రోజూ ఊరిపెద్ద నేరుగా నాయన ముందుకే వచ్చాడు. నేను గోనెపట్టా పరుచుకుంటున్నాను.

నాయన చేతులు కట్టుకుని ఒక అడుగు పక్కకు జరిగాడు.

"నాకు కాదప్పా. ఈ ఏడు పెద్ద ఆ యమ్మ. అక్కడ ఉండాది చూడండి, ఆ యమ్మకి ఇయ్యండి."

గోనెపట్టా వదిలేసి లేచి నిలబడ్డాను. నన్ను ఒక్కరోజు, ఒక్కసారి పైకి ఎక్కనివ్వమని నేను అడిగాను. పెద్దరికం అడగలేదు. చిన్నాయన, "అన్నా..." అని ఏదో అనబోయాడు. నాయన అతని వైపు చూడనైనా లేదు. ఊరిపెద్ద తాంబూలం నా చేతిలో పెట్టాడు గానీ, తలపాగా గుడ్డ పట్టుకుని తటపటాయించాడు. ఆడమనిషి తలకు తలపాగా ఎలా చుట్టడం, ఆయన ఎప్పుడూ చుట్టి ఎరగడు. నాయన ఆ గుడ్డ ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. నా ముందుకు వచ్చి, నా జడను ఎత్తి పైన మడిచి, దానిమీదుగా ఒక్కో చుట్టూ బిగిస్తూ తనే తలపాగా చుట్టాడు. చెంగు లోపలికి దోపేటప్పుడు ఆయన వేళ్లు నా నుదుటికి తగిలాయి. నా కళ్లు మసకబారిపోయాయి. ఏడుస్తూ ఎక్కితే కాలు జారుతుందని పళ్లు బిగించుకున్నాను.

"ఎక్కు" అన్నాడు.

ఎక్కాను. మొదటి అడ్డవెదురు, రెండో అడ్డవెదురు, ఆపైది. ఎండలో వెదురు వెచ్చగా ఉంది, నా బరువుకు కొంచెం కిర్రుమంది గానీ గట్టిగా నిలబడింది. పైనుంచి చూస్తే బంతిపూల కుప్పలు, గోనెపట్టాలు, తలలెత్తి చూస్తున్న మా ఆడవాళ్లు, నోళ్లు తెరిచిన మా మగవాళ్లు, అందరూ ఒకేసారి కనిపించారు. ఇంతకాలం నేను కిందనుంచి మాత్రమే చూసిన చోటు ఇది. నాకు కళ్లు తిరగలేదు. నడుం నిటారుగా చేసుకుని, గుడి గోపురం దాకా వినపడేట్టు అరిచాను.

"నార అందియ్యండి!"

కింద ఆరేడు చేతులు పైకి లేచాయి. అందరికంటే ముందు నాకు అందింది మా నాయన చెయ్యి.